రెండో కుటుంబానికి ఎంత పడుతుంది?

చవక ఇళ్ల గురించి ఏ కొత్త పథకం కనిపించినా, ఏ కొత్త టెక్నాలజీ గురించి చదివినా నాకు ముందుగా వచ్చే సందేహం ఒకటే. ఆ ఇంట్లో మొదట దిగే కుటుంబానికి ధర తగ్గిందనే అనుకుందాం. వాళ్లు వెళ్లిపోయాక వచ్చే రెండో కుటుంబానికి ఎంత పడుతుంది? ఆ తర్వాత మూడో కుటుంబానికి? దీనికి జవాబు చెప్పలేని పథకాన్ని ఇళ్ల సమస్యకు పరిష్కారం అనడానికి నాకు నోరు రాదు. ఒక కుటుంబానికి అది మేలు చేస్తుంది, సంతోషమే. కానీ దానికోసం అందరి డబ్బూ, అందరి స్థలమూ పెట్టి, ఆ ఒక్క కుటుంబంతోనే ఖర్చు చేసేస్తున్నాం.

ఈ ప్రశ్న నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. నాకు దగ్గరివాళ్ల కుటుంబం ఒకటి సబ్సిడీ మీద ఇల్లు సంపాదించుకుంది. అమ్మకూడదన్న గడువు తీరిన కొద్దికాలానికే ఇంట్లో ఒకరికి జబ్బు చేసింది, అప్పులు మీద పడ్డాయి, ఇల్లు అమ్మేశారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆస్తిని కష్టం వచ్చినప్పుడు అమ్ముకోక ఏం చేస్తారు? కొన్న మనిషికి అప్పటికే ఇళ్లున్నాయి, దీన్నీ అద్దెకిచ్చాడు. అమ్మినవాళ్లు ఆ పక్కనే, అంతే సైజున్న ఇంట్లో అద్దెకుంటున్నారు. అద్దె పెంచుతామన్న మాట వచ్చినప్పుడల్లా నెల తిరిగేదాకా టెన్షనే. చివరికి ఆ సబ్సిడీ వెళ్లింది ఇంటి అవసరం లేని మనిషి చేతికి.

ఇదే కథ ఒక దేశమంతటా జరిగితే ఎలా ఉంటుందో బ్రిటన్ చూపించింది. స్థానిక కౌన్సిళ్లు తరతరాలుగా కట్టి అద్దెకిచ్చిన ఇళ్లను, అందులో ఉంటున్నవాళ్లు భారీ తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కును 1980 చట్టం ఇచ్చింది. అప్పటినుంచి దాదాపు 20 లక్షల ఇళ్లు అలా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో చాలామంది బాగుపడ్డారు, కాదనను. కానీ అమ్మిన వాటిలో చాలావాటికి బదులు కొత్తవి కట్టలేదు. అమ్ముడైన ఇళ్లలో గణనీయమైన భాగం కొన్నేళ్లకు ప్రైవేటు యజమానుల చేతికి చేరి, ఎక్కువ అద్దెలకు తిరిగొచ్చింది. ఇల్లు లేని కుటుంబాలను ఉంచడానికి కొన్ని కౌన్సిళ్లు ఒకప్పుడు తాము అమ్మిన ఇళ్లనే అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కును రద్దు చేశాయి.

ఇక టెక్నాలజీ సంగతి. కొత్త పద్ధతులంటే అందరికీ ముందు గుర్తొచ్చేవి ఫ్యాక్టరీలో తయారయ్యే ఇళ్లు, 3డీ ప్రింటర్‌తో కట్టే గోడలు. వీటి మీద నాకు పేచీ లేదు. అయితే ఇంటి ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో ఒకసారి చూడండి. ప్రింటర్ చేసేది గోడలే. పునాది, పైకప్పు, వైరింగ్, ప్లంబింగ్, తలుపులు, కిటికీలు మామూలుగానే చేయాలి. కిందున్న స్థలాన్ని ఏ మిషనూ తయారు చేయలేదు. గిరాకీ ఉన్న నగరాల్లో ధరను ఎక్కువగా పెంచేది ఆ స్థలమే. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్‌లో 3డీ ప్రింటర్‌తో 100 ఇళ్ల కాలనీ ఒకటి కట్టారు. వాటి ధరలు నాలుగున్నర లక్షల డాలర్ల దరిదాపుల్లో మొదలయ్యాయి. గోడలు త్వరగా లేచాయి, ధర మాత్రం చుట్టుపక్కల మార్కెట్‌ను బట్టే నిర్ణయమైంది.

ఫ్యాక్టరీ ఇళ్ల చరిత్ర ఇంకా పాతది. అమెరికా ప్రభుత్వం 1969లో ‘ఆపరేషన్ బ్రేక్‌త్రూ’ పేరుతో దీన్ని పెద్దఎత్తున ప్రయత్నించి, కొన్నేళ్లకే చేతులెత్తేసింది. 2015లో మొదలైన కటెర్రా అనే కంపెనీ దాదాపు 200 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుని కూడా 2021లో దివాలా తీసింది. ఫ్యాక్టరీ నడవాలంటే ఏడాది పొడవునా ఆర్డర్లు ఉండాలి, ఇళ్ల మార్కెట్‌కేమో ఒక ఏడాది ఊపు, ఇంకో ఏడాది నీరసం. స్వీడన్‌లో ఈ పద్ధతి నిజంగానే నిలదొక్కుకుంది, అక్కడ విడి ఇళ్లలో చాలా భాగం ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. అయినా స్టాక్‌హోమ్‌లో అద్దె నియంత్రణ ఉన్న ఫ్లాటు కావాలంటే క్యూలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. ఇళ్లు తయారుచేయడంలో ముందున్న దేశానికే ఈ తిప్పలు తప్పలేదు.

నిర్మాణంలో నాకు నిజంగా నచ్చిన ఆలోచన ఒకటుంది, దాంట్లో యంత్రాలేమీ లేవు. చిలీలోని ఇకికేలో నగరం నడిబొడ్డున అర హెక్టారు స్థలంలో దాదాపు వంద కుటుంబాలు గుడిసెల్లో ఉండేవి. ఇంటికి 7,500 డాలర్ల సబ్సిడీలోనే స్థలం, రోడ్లు, డ్రైనేజీ, ఇల్లు అన్నీ సర్దుకోవాలి. మామూలుగా అయితే ఊరికి దూరంగా చవక స్థలం చూసి చిన్న చిన్న ఇళ్లు కట్టి ఊరుకునేవాళ్లు. ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004 నాటికి చేసింది వేరు. డబ్బు ముందుగా ఆ ఖరీదైన స్థలానికే పెట్టారు. మిగిలినదాంతో ప్రతి కుటుంబానికీ సగం ఇల్లు కట్టారు. అయితే ఆ సగం ఏదన్నది బాగా ఆలోచించి ఎంచుకున్నారు. కుటుంబం సొంతంగా చేసుకోలేనివి, అంటే నిర్మాణపు చట్రం, మెట్లు, వంటగది, బాత్‌రూమ్, పక్కింటితో ఉమ్మడిగా ఉండే గోడ, కట్టి ఇచ్చారు. పక్కన అంతే ఖాళీ వదిలారు. చేతిలో డబ్బు ఆడినప్పుడు తాపీమేస్త్రీని పిలిచి ఒక్కో గదీ వేసుకోవచ్చు. ఉద్యోగాలకూ బడులకూ దగ్గరగా ఉండే చోటు పోలేదు, అదీ అసలు లాభం. ఇండోర్‌లో బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీ 1980లలోనే ఇలాంటి దారి చూపింది. అక్కడ పేద కుటుంబాలకు స్థలంతోపాటు పునాదీ, నీళ్ల కనెక్షనూ, మరుగుదొడ్డీ ఇచ్చి, మిగతాది వాళ్లకే వదిలారు.

అనుమతుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకోకుండా స్థలం, యాజమాన్యం అంటూ మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. నగరంలో చాలా ప్రాంతాల్లో ఒక ప్లాటులో ఒకే ఇల్లు కట్టాలన్న నిబంధన ఉంటే, వచ్చే జనమంతా ఉన్న కొద్ది ఇళ్ల కోసం పోటీపడతారు. ఆక్లాండ్ నగరం 2016లో నివాస ప్రాంతంలో నాలుగింట మూడొంతుల మేర ఎక్కువ ఇళ్లు కట్టుకునేలా నిబంధనలు మార్చింది. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ నిర్మాణాలు, ముఖ్యంగా పక్కపక్కనే కలిపి కట్టే ఇళ్లు, బాగా పెరిగాయి. జపాన్‌లో ఎక్కడ ఏం కట్టొచ్చన్న నియమాలను జాతీయ చట్టం తేలికగా, కొద్ది రకాలుగా మాత్రమే పెట్టింది. వీధివాళ్లు అభ్యంతరం చెప్పినంత మాత్రాన ఒక అపార్టుమెంటు ఆగిపోదు. టోక్యో అద్దెలు మిగతా మహానగరాలతో పోలిస్తే చాలాకాలం అదుపులో ఉండటానికి అది ఒక కారణం. కార్ పార్కింగ్ తప్పనిసరి అన్న నిబంధన కూడా చిన్నదేం కాదు. ఒక కారు నిలిపే చోటు, అది తిరిగే దారి కలిపితే సుమారు 30 చదరపు మీటర్లు పోతుంది. అంటే ఒక చిన్న ఫ్లాటంత. కారు లేని కుటుంబం కూడా దాని ఖర్చు మోస్తుంది. అమెరికాలో బఫలో నగరం 2017లో ఆ నిబంధనను తీసేసింది. ఇవన్నీ చేయాల్సిన పనులే, ఖర్చు లేని పనులు కూడా.

కానీ ఒక చిక్కుంది. ఎక్కువ అంతస్తులు కట్టుకోవచ్చని అనుమతి ఇచ్చిన రోజే కింద స్థలం ధర పెరుగుతుంది. మెట్రో లైను వస్తుందని ప్రకటించినా అంతే. యజమాని ఒక్క ఇటుక పెట్టకముందే ధనవంతుడవుతాడు. ఆ పెరుగుదలకు కారణం ఊరు, ఫలితం ఒక మనిషికి. ఇళ్ల సంఖ్య పెరిగితే మొత్తం మీద ఒత్తిడి తగ్గుతుందన్నది నిజం. కింది ఆదాయం ఉన్న కుటుంబం దాకా ఆ ఉపశమనం చేరడానికి మాత్రం చాలా ఏళ్లు పడుతుంది, ఈలోగా వాళ్లు ఊరి బయటికి వెళ్లిపోయి ఉంటారు. అందుకే స్థలం ఎవరి పేరున ఉంటుందన్న ప్రశ్న దగ్గరికి రాక తప్పదు.

ఇక్కడే నాకు అన్నింటికన్నా విలువైనదిగా అనిపించే ఆలోచన ఉంది, కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు. అంటే స్థలం ఒక ఉమ్మడి సంస్థ పేరున, దాని మీది ఇల్లు కుటుంబం పేరున ఉండే పద్ధతి. దాని పుట్టుక తెలుసుకున్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 1951లో పోచంపల్లిలో వినోబా భావేకు మొదటి భూదానం దొరికింది. భూదానంలో భూమి పొందిన పేద రైతుల్లో కొందరు అప్పుల వల్ల మళ్లీ దాన్ని పోగొట్టుకోవడంతో ఉద్యమం గ్రామదానం వైపు మళ్లింది. భూమి ఊరి పేరున ఉంటుంది, సాగుచేసుకునే హక్కు కుటుంబానికి ఉంటుంది. ఈ ఆలోచన రాబర్ట్ స్వాన్ అనే అమెరికన్‌ను కదిలించింది. ఆయన, పౌరహక్కుల ఉద్యమంలోని స్లేటర్ కింగ్, చార్లెస్ షెరాడ్ వంటివాళ్లు కలిసి 1969లో జార్జియా రాష్ట్రంలో ‘న్యూ కమ్యూనిటీస్’ను స్థాపించారు. ఓటు నమోదు చేసుకున్నందుకు భూస్వాములు వెళ్లగొట్టిన నల్లజాతి రైతు కుటుంబాల కోసం దాదాపు 6,000 ఎకరాలు ఉమ్మడిగా కొన్నారు. కరువు వచ్చినప్పుడు ప్రభుత్వ రుణాలు సమయానికి అందక, 1985లో ఆ భూమి చేజారిపోయింది. ఆలోచన మాత్రం అప్పటికే నగరాలకు పాకింది.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరం 1984లో 2 లక్షల డాలర్ల మూలధనంతో ఒక ల్యాండ్ ట్రస్టును మొదలుపెట్టింది. అదే ఈ రోజు చాంప్లెయిన్ హౌసింగ్ ట్రస్టు. అక్కడ ఇల్లు కొనడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. దస్తావేజులు రెండు. ఒకటి ఇంటికి, అది కుటుంబం పేరున. రెండోది కింద స్థలానికి దీర్ఘకాలపు లీజు, స్థలం ట్రస్టు పేరున. కుటుంబం స్థలం ధర కట్టక్కర్లేదు కాబట్టి గృహరుణం తగ్గుతుంది, ఈఎంఐ తగ్గుతుంది. ఇంటి మీద పిల్లలకు వారసత్వం ఉంటుంది. వాయిదాలు కడుతూ లీజు పాటించినంతకాలం ఎవరూ ఖాళీ చేయమని అడగరు. లీజులోని ఒక్క షరతు మాత్రం గట్టిది. అమ్మాలనుకుంటే, ముందే రాసుకున్న లెక్క ప్రకారమే అమ్మాలి. కుటుంబానికి తాము కట్టిన అసలు తిరిగి వస్తుంది, సొంత ఖర్చుతో చేసుకున్న మార్పుల విలువ వస్తుంది, పెరిగిన ధరలో నాలుగో వంతు వస్తుంది. 100 పెట్టి కొన్న ఇల్లు 160 అయిందనుకోండి. పెరిగిన 60లో 15 అమ్మినవాళ్లకు. తర్వాత వచ్చే కుటుంబానికి అది దాదాపు 115కే దొరుకుతుంది. మిగిలిన 45 ఎవరి జేబులోకీ పోదు, ఇంట్లోనే ఉండిపోతుంది. ఒకసారి పెట్టిన సబ్సిడీ రెండో కుటుంబానికీ, మూడో కుటుంబానికీ పనిచేస్తూనే ఉంటుంది. నా ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన దస్తావేజు ఇదే.

2008 తర్వాత అమెరికాలో లక్షల ఇళ్లు జప్తుకు వెళ్లినప్పుడు ల్యాండ్ ట్రస్టు ఇళ్లలో ఆ బెడద చాలా తక్కువగా ఉంది. కారణం మామూలు విషయమే. రుణం తీసుకునే ముందు ట్రస్టు కూర్చోబెట్టి లెక్కలు చూస్తుంది, వాయిదా తప్పితే బ్యాంకు కన్నా ముందు తలుపు తడుతుంది.

అమెరికా అధీనంలోని కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో కాన్యో మార్తిన్ పెన్యా అనే కాలువ గట్టు బస్తీల కథ ఇంకా నేర్పుతుంది. కాలువ పూడిక తీసి ప్రాంతాన్ని బాగుచేస్తామని ప్రభుత్వం అన్నప్పుడు అక్కడివాళ్ల భయం ఒకటే. బాగుపడిన మరుక్షణం స్థలాల రేట్లు పెరిగి తమను ఖాళీ చేయిస్తారని. ఒక్కొక్కరికీ పట్టా ఇమ్మని అడగలేదు వాళ్లు. విడి పట్టాలు ఇస్తే ఒకరి తర్వాత ఒకరు అమ్ముకుంటారని వాళ్లకు తెలుసు. 2004 చట్టం ద్వారా భూమిని ఉమ్మడి ట్రస్టు పేరున తెచ్చుకున్నారు, ఒక్కో కుటుంబానికీ ఇంటి మీద హక్కు పత్రం వేరుగా. మురికివాడ బాగుపడితే మొదట లాభపడాల్సింది అందులో కష్టపడినవాళ్లేనని నేను నమ్ముతాను, దాన్ని చట్టంలో రాయించుకున్న బస్తీ అది.

ఇదే పని వేరే పేర్లతో వేరేచోట్లా జరుగుతోంది. జర్మనీలో మీట్స్‌హాయ్‌జర్ సిండికాట్ అనే సంఘం పద్ధతి చూడండి. ఒక్కో భవనానికీ ఒక చిన్న కంపెనీ, దానికి ఇద్దరే వాటాదారులు. ఒకరు ఆ భవనంలో ఉంటున్నవాళ్ల సంఘం, రెండోది సిండికాట్. రోజువారీ విషయాలు, అద్దె ఎంత, గది ఎవరికివ్వాలి, అన్నీ ఉంటున్నవాళ్లే తేల్చుకుంటారు. భవనం అమ్మాలంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి, సిండికాట్ ఎప్పటికీ ఒప్పుకోదు. అది ఆ సంఘం పెట్టుకున్న ఏకైక పట్టుదల.

ఉరుగ్వేలో 1968 గృహ చట్టం కింద ఏర్పడిన పరస్పర సహాయ సహకార సంఘాల్లో డబ్బు లేనివాళ్లు శ్రమ పెడతారు. ప్రభుత్వం రుణం ఇస్తుంది, సాంకేతిక సలహా సంస్థలు సాయపడతాయి. ప్రతి కుటుంబం వారానికి 21 గంటలు పనిచేయాలి. ఇటుకలు మోయడం, కాపలా కాయడం, లెక్కలు రాయడం, పిల్లలను చూసుకోవడం ఏదైనా సరే. గంటలు పుస్తకంలో నమోదవుతాయి. కట్టేటప్పుడు ఏ ఇల్లు ఎవరిదో చాలాచోట్ల చెప్పరు, అందుకే ప్రతి గోడా అందరూ తమదే అన్నట్టు కడతారు. పూర్తయ్యాక సంఘమే యజమాని. వెళ్లిపోయే కుటుంబానికి తన వాటా లెక్కకట్టి ఇస్తారు, ఆ చోటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకు.

ఆస్ట్రియా రాజధాని వియన్నా గురించి అందరూ రాస్తారు. 1923లో వేసిన గృహపన్ను, పెద్ద ఇళ్లవాళ్ల మీద ఎక్కువ భారం, దాంతో కట్టిన వేలాది ఫ్లాట్లు, నగరం చేతిలో ఈనాటికీ ఉన్న దాదాపు 2 లక్షల 20 వేల ఇళ్లు. నేను చెప్పదలచుకున్నది అంతగా ప్రచారం లేని ఒక చిన్న నియమం గురించి. అక్కడ పరిమిత లాభపు గృహసంస్థలు అద్దెను అసలు ఖర్చును బట్టే వసూలు చేయాలి. కట్టడానికి తెచ్చిన అప్పు తీరిపోయాక అద్దె తగ్గాలి. మామూలు మార్కెట్‌లో అప్పు తీరిన భవనం యజమానికి బంగారు గని, అద్దె ఏటా పెరుగుతూనే ఉంటుంది. వియన్నాలో పాతబడ్డ భవనం చవకవుతుంది. జర్మనీలో సబ్సిడీ ఇళ్లకు అద్దె పరిమితి కొన్నేళ్లకే పెట్టారు, గడువు తీరగానే అవి మార్కెట్‌లో కలిశాయి. 1980ల చివర్లో దాదాపు 40 లక్షలున్న అలాంటి ఇళ్లు ఇప్పుడు 11 లక్షల దరిదాపుల్లో ఉన్నాయి. పక్కపక్క దేశాలు, ఒకే భాష, తేడా ఒక గడువు తేదీ. అలాగని వియన్నా లోపం లేనిదనను. నగర ఫ్లాటు కావాలంటే అక్కడ కనీసం రెండేళ్లు నివాసం చూపించాలి, కొత్తగా బతకడానికి వచ్చినవాళ్లు ఆలోపు ప్రైవేటు అద్దెలతోనే నెట్టుకురావాలి.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అసలు అభ్యంతరం. “ఉన్నవాడు ఇల్లు అమ్మి లాభమంతా తీసుకుంటాడు. పేదవాడికే ఎందుకు ఈ లెక్కలు, ఈ షరతులు? వాడి పిల్లలు పైకి రావద్దా?” ఈ మాటను తేలిగ్గా తోసేయలేను. పైన చెప్పిన నా వాళ్ల కుటుంబానికి అమ్ముకునే హక్కు లేకపోయి ఉంటే ఆసుపత్రి ఖర్చు ఎక్కడినుంచి తెచ్చేవారు?

నా సమాధానం రెండు భాగాలు. జబ్బు చేస్తే ఇల్లు అమ్ముకోవాల్సిన పరిస్థితి ఉండటం వైద్యం సమస్య, దాన్ని ఇంటి మీద వేయడం అన్యాయం. రెండోది, అద్దె ఇంట్లో ఉన్నంతకాలం కట్టిన డబ్బులో ఒక్క పైసా తిరిగి రాదు. ల్యాండ్ ట్రస్టులో అసలు, దానిమీద నాలుగో వంతు పెరుగుదల వస్తాయి. పోల్చాల్సింది మార్కెట్‌లో ఇల్లు కొనగలిగినవాళ్లతో కాదు, ఎందుకంటే ఈ కుటుంబం అక్కడ కొనలేదు. అయినా ఆ నాలుగో వంతు సరైన అంకేనా అన్నది చర్చించాల్సిందే. మరీ తక్కువైతే కుటుంబం అక్కడే ఇరుక్కుపోతుంది, వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చినా కదల్లేదు. మరీ ఎక్కువైతే మూడు నాలుగు అమ్మకాలకే సబ్సిడీ కరిగిపోతుంది. సింగపూర్ ఈ ఇబ్బందిని ఆలస్యంగా గుర్తించింది. 99 ఏళ్ల లీజు మీద ప్రభుత్వం ఇచ్చే ఫ్లాట్లలోనే అక్కడ సుమారు 80 శాతం ప్రజలు ఉంటారు. ఐదేళ్ల తర్వాత మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చన్నది పాత నియమం. మంచి ప్రాంతాల్లో ఫ్లాటు దక్కడం లాటరీలా మారడంతో, ఇప్పుడు అలాంటి కొత్త ఫ్లాట్లకు పదేళ్ల గడువు పెట్టి, అమ్మినప్పుడు సబ్సిడీలో కొంత వెనక్కి తీసుకుంటున్నారు. ప్రపంచమంతా మెచ్చుకున్న పథకమే అరవై ఏళ్ల తర్వాత రెండో కుటుంబం గురించి ఆలోచించక తప్పలేదు.

ల్యాండ్ ట్రస్టుల మీద ఇంకో విమర్శ, అవి చిన్నవని. నిజమే, చాలా చిన్నవి. స్థలం మార్కెట్ ధరకు కొని ట్రస్టులో పెట్టాలంటే ఎవరి వల్లా కాదు. కానీ ప్రతి నగరంలోనూ స్థలం ఇప్పటికే ఉన్న సంస్థలున్నాయి. మూతబడ్డ గోడౌన్ల పక్కన రైల్వే స్థలాలు, వాడకంలో లేని బస్ డిపోలు, తరలిపోయిన ప్రభుత్వ ఆఫీసుల ఆవరణలు, విశ్వవిద్యాలయాల ఖాళీ భూములు. జ్యూరిక్‌లో కాల్క్‌బ్రైట అనే సహకార సంఘం ట్రాములు నిలిపే డిపో మీదే భవనం కట్టి 2014లో జనాన్ని దించింది. స్థలం నగరానిదే, సంఘానికి లీజు. అదే నగరంలో 2011లో ఓటింగ్ పెట్టి, 2050 నాటికి అద్దె ఇళ్లలో మూడో వంతు లాభాపేక్ష లేనివి కావాలని ప్రజలు తీర్మానించారు.

బడ్జెట్‌లో లోటు కనిపించగానే ఇలాంటి స్థలాలనే వేలం వేయడం ప్రభుత్వాలకు అలవాటు. వేలంలో వచ్చిన డబ్బు ఒకటి రెండేళ్లలో ఖర్చయిపోతుంది, పోయిన స్థలాన్ని తిరిగి కొనాలంటే అప్పటి ధర పెట్టాలి. మీ నగరంలో ఈసారి అలాంటి వేలం ప్రకటన వస్తే, అమ్మకానికి బదులు దీర్ఘకాలపు లీజు ఎందుకు కుదరదో రాతపూర్వకంగా అడగండి. లీజుకు ఒప్పుకుంటే, తిరిగి అమ్మేటప్పటి ధరను లెక్కకట్టే పద్ధతి అందులో ఉందో లేదో, దానికి గడువు తేదీ ఏమైనా పెట్టారో, ఆ ఒక్క పేజీ మాత్రం తప్పకుండా చదవండి.